రేపు చెప్తానన్న గ్రేస్ మేడం

ముందు వాసన వచ్చింది. తడి చెక్క కాలుతున్న వాసన. నీళ్ళలో నానిన చెక్కకి ఎర్రగా కాలిన గాజు తగలగానే చుయ్యిమని లేచే ఆవిరి, దాని వెనకాలే కొంచెం తియ్యగా, కొంచెం కమురుగా ముక్కుకి తగిలే పొగ. చెక్ దేశంలో కొండల మధ్య ఉన్న ఒక పాత గాజు ఫ్యాక్టరీలో, చూడవచ్చినవాళ్ళ కోసం కట్టిన ఇనప కమ్మీల వెనక నిలబడి ఉన్నాను. కింద కొలిమి ముందు లావుపాటి మేస్త్రి ఒకాయన పొడుగాటి ఇనప గొట్టం చివర పాకంలా వేలాడుతున్న గాజుని చెక్క అచ్చులో పెట్టి బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. పక్కనున్నవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం అమలాపురం కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉన్నాను. గ్రేస్ మేడం తడిపిన తాటిచెక్కతో గాజు గొట్టం మొన నొక్కుతున్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అంత దూరం వెళ్ళి ఆవిడకి ఎదురుపడతానని అనుకోలేదు. సంతోషం వేసిందో కోపం వచ్చిందో కూడా నాకు తెలియలేదు.

అసలు మేం అక్కడికి వెళ్ళడమే విచిత్రం. మా ఆయన మూర్తి తాటిపాక దగ్గర గ్యాసు ప్లాంటులో పనిచేస్తారు. కొత్తగా వచ్చిన యంత్రాల మీద శిక్షణకని ఆయన్ని ఆ దేశం పంపించారు. కావాలంటే భార్యల్ని వెంట తెచ్చుకోవచ్చన్నారు. కాలేజీకి ఎలాగూ వేసవి సెలవులు కాబట్టి నేనూ బయల్దేరాను. శనివారం ఖాళీ దొరికితే, హోటల్లో టీవీ చూస్తూ కూర్చునే మనిషిని బలవంతంగా బస్సెక్కించాను. కొండలూ, దేవదారు చెట్లూ, గుండ్రంగా చుట్టిన గడ్డి మోపులూ దాటుకుంటూ బస్సు పైకి ఎక్కుతుంటే ఆయన కిటికీలోంచి చూసి, "ఇంత నేలుంది, ఒక్క కాలవ లేదేంటే" అన్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నీళ్ళ పక్కనే బతికిన మాకు కాలవ లేని పల్లె ఎలా పల్లె అవుతుందో అర్థం కాలేదు.

గ్రేస్ మేడం గురించి చెప్పాలి. డిగ్రీలో మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. సన్నటి మనిషి, గంజి పెట్టిన నేత చీర, భుజానికి పిన్ను, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవారు, కానీ పాట పాడేటప్పుడు పెదాలు కదిపేవారే గాని గొంతు వినిపించేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం అమలాపురంలో ఎవరికీ లేదు.

ఫస్టియర్లో మొదటి ప్రాక్టికల్ గాజు గొట్టం వంచడం. మా నేల కింద అంత గ్యాసు ఉందని అందరూ చెప్పుకునేవారు గాని మా ల్యాబుకి మాత్రం సిలిండరు రావులపాలెం నుంచి లారీలో రావాలి. అది వచ్చిన రోజే బర్నర్లు వెలిగేవి. గొట్టాన్ని మంటలో తిప్పుతూ ఉంటే అది మెత్తబడి దానంతట అదే వాలుతుంది. అప్పుడు మంటలోంచి తీసి మెల్లగా వంచాలి. వంచడం అందరికీ వచ్చేసేది. ఆ తర్వాతే తప్పు చేసేవాళ్ళం. చెయ్యి కాలుతోందని తిన్నగా సింకు దగ్గరికి పరిగెత్తి కుళాయి కింద పెట్టేవాళ్ళం. టప్పుమనేది. మా ఊళ్ళల్లో ఏది వేడెక్కినా నీళ్ళల్లో ముంచడమే కదా అలవాటు. ఎన్ని బ్యాచీలు వచ్చినా మొదటి రోజు ల్యాబంతా ఆ చప్పుళ్ళే.

మేడం తిట్టేవారు కాదు. కిటికీ కింద ఒక రేకు పెట్టె ఉండేది. దాని నిండా రైసుమిల్లు నుంచి తెప్పించిన ఊక బూడిద. దాన్ని ఇసక పళ్ళెం మీద గోరువెచ్చగా ఉంచేవారు. వంచిన గొట్టాలన్నీ అందులో పాతిపెట్టించేవారు.

"ఎప్పుడు తియ్యాలండీ?" అని అడిగాను మొదటి రోజు.

"రేపు."

"పైన చల్లారిపోయిందండీ. ముట్టుకుంటే తెలుస్తోంది."

"పైన చల్లారితే లోపల చల్లారినట్టు కాదు కరుణా. ఇప్పుడు తీసేస్తే బాగానే ఉంటుంది. వారం పోయేక బల్ల మీద ఉత్తినే ఉండగా పగిలిపోద్ది. అప్పుడు నీకు ఎందుకు పగిలిందో కూడా తెలీదు."

పుస్తకంలో ఇలా లేదు. ఆస్బెస్టాస్ రేకు మీద పెట్టి పావుగంట ఆగమని ఉంది. పరీక్షకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్లు ఆ బూడిద పెట్టె చూసి ఇదేమిటని అడిగేవారు. ఆవిడ దానికీ రేపు చెప్తాననేవారేమో, నాకు తెలియదు.

ఎందుకంటే ఆవిడ అన్నిటికీ అదే మాట. సెలవు కావాలంటే రేపు రా. గ్రూపు మారనా అంటే రేపు చెప్తాను. ప్రిన్సిపాలు గారు మీటింగులో ఏదైనా అడిగినా "ఆయ్, రేపు చెప్తానండి" అని లేచిపోయేవారట. కాలేజీ మొత్తం ఆవిడకి రేపు మేడం అని పేరు పెట్టేసింది. నేనేమో ఉడుకు మనిషిని. అన్నం ఉడక్కుండానే మూత తీసి చూసే రకం. ఆవిడ 'రేపు' అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అయినా మూడేళ్ళూ ఆవిడ వెనకాలే తిరిగాను. ఎందుకు తిరిగానంటే చెప్పలేను. ఆవిడ మర్నాడు చెప్పే జవాబు మాత్రం ఎప్పుడూ నాకోసమే చెప్పినట్టు ఉండేది. అది మాత్రం నిజం.

మాది రాజోలు పక్కన. మా తాతగారి దాకా మావాళ్ళు ఊళ్ళో రైతుల పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. మిషను బడి పుణ్యాన నాన్నగారు టీచరయ్యారు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని నేను. అందుకని నామీద ఇంటిల్లిపాదికీ ఆశలు. ఆ ఆశలన్నీ అలా ఉండగా నేను రోజూ బస్సులో కనబడే ఒక అబ్బాయిని ఇష్టపడ్డాను. అతనే మూర్తి. అంతర్వేదిలో పడవల మీద బతికే కుటుంబం. నరసింహస్వామి తీర్థంలో రథం లాగే ఇల్లు. పాలిటెక్నిక్ చదివి అప్పుడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. మతం వేరు, కులం వేరు, చేపలు తప్ప మా రెండిళ్ళకీ కలిసేది ఒక్కటీ లేదు. నాన్నగారికి తెలిసింది. ఆయనకి గ్రేస్ మేడం అంటే గురి. కొట్టలేదు, తిట్టలేదు. "గ్రేసమ్మగారు ఏమంటే అది. ఆవిడ చేసుకోమంటే నేను నీకు అడ్డు రాను" అన్నారు. అంటే నా జీవితమంతా ఆవిడ నోట్లో మాట మీద ఆగింది.

డిగ్రీ చివరి ప్రాక్టికల్సు అయిన మధ్యాహ్నం ల్యాబులో ఆవిడ ఒక్కరే ఉండగా వెళ్ళి అంతా చెప్పాను. పేరు, ఊరు, పడవలు, నాన్నగారి మాట, అన్నీ. ఆవిడ గొట్టాలు తుడుస్తూ విన్నారు.

"చేసుకోమంటారా మేడం, వద్దంటారా?"

"రేపు రా" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు కాలేజీ తలుపులు తియ్యక ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఆవిడ వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి. ల్యాబు గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విప్పి దులిపారు. ఎంత ఇసక రాలిందో. అమలాపురంలో ఇంత ఇసక ఎక్కడ తొక్కారా అనుకున్నాను గాని, అంతకంటే ఆలోచించే స్థితిలో నేను లేను. ఆవిడ లోపలికెళ్ళి బూడిద పెట్టెలోంచి ముందురోజు నేను వంచిన గొట్టం తీసి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"పగుళ్ళేం లేవు. తీసుకెళ్ళు" అన్నారు. తర్వాత, "ఎమ్మెస్సీకి అప్లై చేసేవా?" అన్నారు.

"నిన్న నేను అడిగేనండీ."

"ఆఁ, అడిగేవు."

అంతే. చేతులు కడుక్కోడానికి సింకు వైపు వెళ్ళిపోయారు. నేను అక్కడే కాసేపు నిలబడ్డాను, ఇంకేమన్నా అంటారేమోనని. ఆవిడ కుళాయి తిప్పారు. మూడేళ్ళలో ఆవిడ మర్నాడు జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. వద్దని నా మొహం మీద చెప్పలేక అలా తప్పించుకున్నారనుకున్నాను. గుండె పగిలినంత పనైంది.

తమాషా ఏమిటంటే ఆ వారమే మూర్తి కూడా మారిపోయాడు. బస్సులో నా పక్కన కూర్చుని, "ముందు ఎమ్మెస్సీ చెయ్యి. అయ్యేక చూద్దాం" అన్నాడు. అంతకు ముందు వారం దాకా రిజిస్ట్రారు ఆఫీసు ఎక్కడుందో కనుక్కుంటున్న మనిషి. వెనక్కి తగ్గుతున్నావా అని నిలదీశాను. తగ్గడం లేదన్నాడు. మరెందుకంటే చెప్పడు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్న రెండేళ్ళూ నాకు ఇద్దరి మీదా కోపమే. కోపంతోనే చదివాను. కోపం మీద చదివితే మార్కులు బాగా వస్తాయని అప్పుడే తెలిసింది. అతను మాత్రం నెలనెలా వచ్చి బీచి రోడ్డులో ఒక టీ తాగించి వెళ్ళేవాడు. ఎమ్మెస్సీ అయింది. అతను ఆగే ఉన్నాడు. నాన్నగారు కూడా ఆ రెండేళ్ళూ అతన్ని చూస్తూ చూస్తూ మెత్తబడ్డారు. గ్రేసమ్మగారు ఏమన్నారని మళ్ళీ అడగలేదు.

పెళ్ళికి మేడం వచ్చారు. మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అయింది, భోజనాలు మాత్రం మా పెరట్లో. ఆవిడ పంక్తిలో కూర్చుని నిదానంగా తిని, చెయ్యి కడుక్కుని, నా దగ్గరికొచ్చి "బాగుంది" అన్నారు. పనసపొట్టు కూర బాగుందన్నారో, పెళ్ళి బాగుందన్నారో, ఆవిడ మొహం చూసి ఎవరూ చెప్పలేరు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను కొత్తపేటలో జూనియర్ కాలేజీలో చేరాను. ఆవిడ రిటైరయ్యారు. కొన్నాళ్ళకి పోయారు. ఆవిడ శవపెట్టె పక్కన నిలబడి కూడా నేను అదే అడుగుతున్నాను, వద్దనుకున్నారా, సరే అనుకున్నారా అని. ఏడుస్తూ అడిగాను. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడు గొడవైనా నా మనసు ముందు అక్కడికే వెళ్ళేది, మాకు పొసగదని ఆవిడకి ముందే తెలుసేమో అని.

గాజు ఫ్యాక్టరీకి వస్తాను. అక్కడ చూడవచ్చినవాళ్ళు తామే ఒక గిన్నె ఊదుకోవచ్చట. నేను పేరిచ్చాను. మేస్త్రి ఇనప గొట్టం నా నోటికి అందించి చేత్తో సైగ చేశాడు. ఊదాను. కొలిమి వేడికి మొహం మండిపోతోంది. గాజు నా ఊపిరికి పొంగుతుంటే భయం వేసింది. ఆయన దాన్ని తడి చెక్కతో సవరించి, గొట్టం నుంచి తుంచి, మందపాటి చేతి తొడుగులు వేసుకున్న ఇంకొకాయనకి ఇచ్చాడు. వంకరటింకర గిన్నె. ఆకుపచ్చ రంగు. నాకు తెగ ముద్దొచ్చింది. ఇవ్వమని చెయ్యి చాపాను.

మమ్మల్ని తిప్పి చూపిస్తున్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. పొడుగాటి పెట్టెలాంటి పొయ్యి ఒకటి చూపించి, ఇది అందులో మెల్లగా చల్లారాలి, రేపు పొద్దున్న వచ్చి తీసుకోండి అంది.

మా బస్సు సాయంత్రం. మూర్తి చుట్టూ చూశారు. చెక్క అచ్చులు నానబెట్టిన నీళ్ళ తొట్టి కనబడింది. "అందులో ఒక్కసారి ముంచితే చాలదేంటి? తువ్వాలులో చుట్టుకుని పోదాం" అన్నారు తెలుగులో. అంత గ్యాసు ప్లాంటు నడిపే మనిషి. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏమైందో తెలియదు, ఆ కమ్మీలు పట్టుకుని ఏడ్చేశాను. ఆ అమ్మాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. గిన్నె కోసం ఏడుస్తున్నాననుకుంది పాపం. రేపే వస్తామని చెప్పి బయటికి వచ్చాం.

బస్సు వదిలేసి, రాత్రికి గది దొరికే ఊరెక్కడుందో కనుక్కుని నడక మొదలుపెట్టాం. వాళ్ళ వేసవిలో సాయంత్రం ఎంతకీ చీకటి పడదు. రోడ్డుకి రెండు పక్కలా చెర్రీ చెట్లు. పళ్ళు రాలి మట్టిలో కలిసిపోతున్నా ఎవరూ ఏరుకోవడం లేదు. మూర్తి ఒక పండు కోసి, ఎవరైనా కేకేస్తారేమోనని అటూ ఇటూ చూసి నోట్లో వేసుకున్నారు. మలుపులో రాతి సిలువ ఉంది. దాని పాదాల దగ్గర ఎవరో పెట్టిన పూలు వాడిపోయాయి. పక్కన చర్చికి తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో చెప్పడానికి కూడా మనిషి లేడు. ఆదివారం మైకులతో మార్మోగే మా చర్చిలే నాకు గుర్తొచ్చాయి. ఇక్కడి నుంచే కదా మనకి ఇదంతా వచ్చిందంటారు, వీళ్ళేమో తాళం వేసుకుని ఎటు పోయారో అనుకున్నాను. ఆ సిలువ అరుగు మీద కూర్చుని గ్రేస్ మేడం సంగతి మూర్తికి మళ్ళీ మొత్తం చెప్పాను. ఆయన వందసార్లు విన్నదే.

"అన్నిటికీ రేపన్న మనిషి, నా ఒక్కదాని విషయంలో మర్నాడు కూడా చెప్పలేదు. ఏమనుకున్నారో ఆవిడ?" అన్నాను.

ఆయన చెర్రీ గింజ ఉమ్మేసి చెయ్యి తుడుచుకున్నారు. తర్వాత, "ఆవిడ ఆ సాయంత్రం మా ఇంటికొచ్చేరు" అన్నారు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరి ఇంటికని అడిగాను.

"మా ఇంటికే. అంతర్వేది. నువ్వడిగిన రోజే బస్సెక్కి వచ్చేరు. ఒడ్డున పడవల దగ్గర దిగబడి, ఇసకలో గొడుగు పొడుచుకుంటా మా ఇల్లు వెతుక్కున్నారు. అమ్మ చూసి లోన్లవాళ్ళేమో అనుకుని లోపలికి పోయింది."

"ఏమన్నారు?"

"నన్నొక్కటే అడిగేరు. ఆ పిల్ల చదువయ్యేదాకా ఆగుతావా నాయనా అని. ఆగుతానండీ అన్నాను. ఆ పిల్ల తొందర మనిషి, తను ఆగదు, నువ్వే ఆగాలి అన్నారు. నేను వచ్చేనని మాత్రం చెప్పకు. చెప్తే నా మాట మీద చేసుకుంటుంది, లేపోతే నా మాట మీద మానేస్తుంది. రెండూ తప్పే అన్నారు."

ఆ చెప్పుల్లో ఇసక. నేను సిలువ రాయి పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని గట్టిగానే అరిచానేమో, పొలంలో ఆవులు తలెత్తి చూశాయి.

"మాటిచ్చేను కదే. ఆవిడ పోయేక చెబ్దామనుకున్నాను. కానీ ఆవిడ మాటొచ్చిందంటే మొత్తం నువ్వే చెప్తావు. నన్నెప్పుడన్నా అడిగేవా?"

అది నిజమే, అడగలేదు. కొంచెం తేరుకున్నాక అసలు ప్రశ్న అడిగాను. "ఇంతకీ ఆవిడకి నువ్వు నచ్చేవా లేదా?"

ఆయన నవ్వారు. "అమ్మ కూడా అదే అడిగింది. వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, మా వోడు మీకు నచ్చేడాండీ అంది. రేపు చెప్తానమ్మా అనేసి వెళ్ళిపోయేరు. అమ్మ పోయేదాకా అంటూనే ఉంది, ఆ టీచరమ్మ రేపు చెప్తానంది, ఇంకా రాలేదేంట్రా అని."

నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ కలిసే వచ్చాయి. నామీద అంత ప్రేమ ఉన్న మనిషిని ఇన్నేళ్ళు అనుమానించానా అనిపించింది. ఆ వెంటనే, అంత ప్రేమ ఉంటే ఒక్క మాట చెబితే ఏం పోయేది అనీ అనిపించింది. నా రెండేళ్ళని నన్నడక్కుండా ఆవిడా ఈయనా పంచేసుకున్నారని మండిపోయింది. ఆ రెండేళ్ళు లేకపోతే నాకు ఉద్యోగమూ లేదు, నాన్నగారూ మెత్తబడేవారు కాదు, అదీ తెలుసు. మర్నాడు పొద్దున్న గిన్నె తీసుకునేటప్పుడు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. పగుళ్ళేం లేవు. అది ఇప్పుడు కొత్తపేటలో మా వంటింటి కిటికీలో ఉంది. అందులో పచ్చిమిరపకాయలు వేస్తున్నాను.

సెలవులయ్యాక కాలేజీ తెరిచారు. మొన్న మధ్యాహ్నం, క్రితం ఏడు నా దగ్గర ఇంటర్ చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న అమ్మాయి ల్యాబులోకి వచ్చింది. రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టు దగ్గర లారీ ఆఫీసులో ఒక అబ్బాయి ఉన్నాడంది. పేరు చెప్పింది, ఇంట్లో గొడవలు చెప్పింది. చున్నీ కొస మెలిపెడుతూ, "చేసుకోమంటారా మేడం, వద్దంటారా?" అని అడిగింది. నా నాలిక చివర రెండు జవాబులూ సిద్ధంగా ఉన్నాయి. ఏది నిజమో నాకు తెలియలేదు.

"రేపు రా" అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. తను వెళ్ళాక ల్యాబుకి తాళం వేశాను. ఇంటికి వెళ్ళాల్సినదాన్ని బస్టాండు వైపు నడిచాను. ఆ అబ్బాయిని ఏం అడగాలో, ఏ మొహం పెట్టుకుని అడగాలో, అడగడానికి నేనెవరినో ఏమీ తోచకుండానే బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు వచ్చి, "ఎక్కడికండీ?" అన్నాడు. రావులపాలెం అన్నాను. ఏం పని మీదని అడిగి ఉంటే మాత్రం, అతనికీ రేపు చెప్తాననే అనేదాన్ని.